మేజోళ్ళు తొడిగిన సీసాలు

ఫిబ్రవరి 3

జ్వరం దిగింది. ఒళ్ళు పిండి ఆరేసిన గుడ్డలా ఉంది. కోడలు కాఫీ తెచ్చింది. ఒక్క గుక్క మింగి, మిగతాది కిటికీ బయట పూలకుండీలో పోశాను. ఆ మొక్క బతికితే గట్టి పిండమే.

ఫిబ్రవరి 4

కాఫీ ఇవాళా అంతే. ఊరుకోలేక అడిగేశాను.

"అమ్మాయ్, ఇందులో టైరు ముక్క ఏమైనా కాల్చి కలిపావా?"

"పొడి అదే, పాలు అవే, కాచేదాన్నీ నేనే మావయ్యగారూ."

"అయితే కొట్టువాడు పొడి మార్చేశాడు."

"మీ అబ్బాయి రెండు కప్పులు తాగి వెళ్ళాడు."

మా వాడి సంగతి నాకు చెబుతుంది! చిన్నప్పుడు దగ్గుమందు పోస్తే ఇంకో చెంచా అడిగిన ఘనుడు. వాడి నాలుక సాక్ష్యానికి పనికిరాదు.

మధ్యాహ్నం వంటింట్లో ఉల్లిపాయలు వేయించారు. మురుగుకాలవ మూత తీసి ఇంట్లో పెట్టినట్టయింది. ముక్కుకి తుండు కట్టుకుని పడుకున్నాను. ఆ తుండూ కంపే. ఈ ఇంట్లో శుభ్రం తగ్గింది. పైకి అనకూడదు గాని తగ్గింది.

ఫిబ్రవరి 6

ప్లంబరు వచ్చాడు. సింకు కింద తల దూర్చి, వెల్లకిలా పడుకుని, లేచి చేతులు దులుపుకుని, "కంపేమీ లేదు పెద్దాయనా, మీ గొట్టాలు మా ఇంటి గొట్టాలకన్నా శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు. పొద్దస్తమానం మురుగులో మునిగే మనిషికి మురుగు వాసన ఏం తెలుస్తుంది? ఊరికే పంపడం బాగోదని టీ ఇప్పించాను. వాడు ఊదుకుంటూ, మెచ్చుకుంటూ తాగుతుంటే నాకు డోకొచ్చి లోపలికి పోయాను.

ఫిబ్రవరి 8

అక్క ఫోను.

"రేపు కాక పై ఆదివారం మీ బావ పుట్టినరోజు జరపాలి. గుర్తుందా, జ్వరంలో అదీ కరిగిపోయిందా?"

గుర్తులేకేం. ఏడాదంతా నేను బతికేది ఆ ఒక్క ఆదివారం కోసమే. మిగతా రోజులన్నీ దానికి తోక.

బావ ఓడల్లో ఇంజనీరు. ఫ్రాన్సులో బోర్డో రేవుకి వెళ్ళినప్పుడల్లా ఒకే తోట ఎర్ర వైను కొనేవాడు. తోట మారదు, పంట ఏడాది మారుతుంది. పగలకుండా సీసాకో మేజోడు తొడిగి పెట్టెలో బట్టల మధ్య పడుకోబెట్టి తెచ్చేవాడు. ఒకే మట్టి, ఒకే తీగలు, చేసే చేతులూ అవే. అయినా ఒక తల్లి కడుపున పుట్టిన పిల్లల్లా ఏ ఏటి బుద్ధి ఆ ఏటిదే. పంతొమ్మిది వందల డెబ్బై అయిదు మొండివాడు, పాతికేళ్ళదాకా మాతో మాట్లాడలేదు. ఎనభై ఏడు వానల్లో పుట్టింది, పలచన, మర్యాదస్తురాలు, త్వరగా నిద్రపోతుంది. తొంభై సోగ్గాడు. ఇక ఎనభై రెండు ఉంది. దాని గురించి మాట్లాడేటప్పుడు బావ కూడా గొంతు తగ్గించేవాడు. పెన్సిలు చెక్కిన వాసన, పాత పొగాకు డబ్బా, నల్లద్రాక్ష ఎండిన తీపి, ఆ తర్వాత పేరు పెట్టలేనిది ఇంకేదో.

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. మిగతా చదువంతా టీ కంపెనీలో రుచి చూసే బల్ల ముందు నిలబడి, తర్వాత బావ సీసాల ముందు కూర్చుని నేర్చుకున్నదే. టీ రుచి చూడాలంటే చెంచాతో జుర్రున పీల్చాలి, చప్పుడు రావాలి. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ "గేదె కుడితి తాగినట్టు ఆ చప్పుడేమిటండీ" అనేది. ఆ చప్పుడే ఆవిడకి నలభై ఏళ్ళు కూడు పెట్టింది, అది వేరే సంగతి.

ఆ ఆదివారం ఏటికో సీసా తీసి, రుచి చూసి ఏది ఏ ఏటిదో చెప్పుకుంటాం. దానికి బావ పెట్టిన నియమాలు మూడు. సీసాల చీటీ కనబడకుండా మేజోళ్ళు తొడగాలి. బల్ల దగ్గర పెద్దవాడు ముందు మాట్లాడాలి, తక్కినవాళ్ళు తర్వాత. పెద్దవాడు చెడిపోయిందన్న ఏటి వైను ఇంట్లో ఉండకూడదు, మిగిలిన సీసాలు కూడా ఆ పూటే సింకులో పోయాలి. ఒకే పెట్టెలో పక్కపక్కన పెరిగినవి ఒకటి చెడితే అన్నీ చెడినట్టే అనేవాడు. అది తప్పని పుస్తకాలు అంటాయి. బావ పుస్తకాలను నమ్మేవాడు కాదు, నన్ను నమ్మేవాడు.

బావ పోయాక పెద్దవాణ్ణి నేనే. ఆమాటకొస్తే ఆయన ఉండగా కూడా "ముందు నువ్వు చెప్పరా ముక్కూ" అని నాకే వదిలేసేవాడు.

అక్క మా బల్ల దగ్గర కూర్చోదు. ఏడాదంతా ఒక్క చుక్క ముట్టదు. ఆ ఆదివారం మేమంతా అయ్యాక వంటింటి గుమ్మంలో స్టూలేసుకుని, చిన్న గ్లాసుడు ఎనభై రెండు మాత్రం తాగుతుంది. తాగే ముందు ఎప్పుడూ ఒకే మాట అంటుంది. "ఈ ఏడాది మీ బావ ఏమంటున్నాడో చూద్దాం."

ఏమన్నాడో మాకెప్పుడూ చెప్పదు.

"ఇంకా మూడున్నాయిరా ఎనభై రెండులు" అంది ఫోనులో. "మూడు సీసాలు, మూడేళ్ళు. ఆ తర్వాత నేనూ అడుగుమడ్డే. చాల్లే."

ఫిబ్రవరి 10

టీ కంపెనీలో మా పైన ఒక పెద్దాయన ఉండేవాడు. గొప్ప ముక్కని పేరు. ఆయన జుర్రుతుంటే మేము గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళం. ఆయన రిటైరయ్యాక తెలిసింది, చివరి ఏళ్ళలో ఆయనకి వాసన తెలిసేదే కాదట. జుర్రి, ఊసి, మా మొహాల వంక చూసేవాడట. మా కనుబొమ్మలు లేస్తే మంచి టీ, పెదవి విరిస్తే నాసి టీ. మా మొహాల మీద మాకే తీర్పు చదివి వినిపించేవాడు! ఆ ముసలాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త రోత కూడా. తెలిసిన రోజునే లేచి వెళ్ళిపోవాల్సింది కదా.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో.

ఫిబ్రవరి 13

అక్క ఇంటికి వెళ్ళాను. మడ్డి అడుక్కి దిగాలంటే సీసాలు కొన్ని రోజుల ముందే నిలబెట్టి ఉంచాలి. మెట్లకింద చల్లగది తలుపు తియ్యగానే గుప్పుమంది.

"అక్కా, ఇందులో ఎలుక చచ్చింది."

"నిన్ననేగా తుడిపించాను."

"తుడిచినవాళ్ళు ముక్కు ఇంటి దగ్గర పెట్టి వచ్చుంటారు. మూల మూలా వెతికించు."

అక్క లోపలికి వచ్చి ఊపిరి పీల్చింది. నా మొహం చూసింది. మళ్ళీ పీల్చింది. "వెతికిస్తాలే" అంది.

ఎలుకే. సందేహం లేదు.

ఫిబ్రవరి 15

పళ్ళపేస్టు మార్చాను. ఇది మూడో రకం. ఇదీ అంతే. కంపెనీలన్నీ కూడబలుక్కున్నాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం

అంతా సవ్యంగానే జరిగింది. ఒక్క సీసా తప్ప. ఉన్నదున్నట్టు రాస్తాను.

వచ్చేది ఎప్పుడూ ఇద్దరే. పళ్ళ డాక్టరు, ప్లీడరు. డాక్టరు ప్రతి గుక్కా పుక్కిలించి, ఎవరి దవడపన్నో పీకబోతున్నట్టు కళ్ళు మూసుకుంటాడు. ప్లీడరు కోర్టులో కాదనడం తప్ప ఎరగడు, మా బల్ల దగ్గర అవుననడం తప్ప ఎరగడు. ఇద్దరూ నన్ను గురువుగారూ అంటారు. వద్దన్నాను చాలాసార్లు. గట్టిగా అనలేదు.

నాలుగు సీసాలు. నాలుగు బావ మేజోళ్ళు, బూడిదరంగువి, ఒకదానికి బొటనవేలి దగ్గర చిల్లు. అక్కే తొడిగి వరస మార్చి పెట్టింది. దీపం ముందు సీసా వంచి, మడ్డి మెడదాకా వచ్చేవరకు గాజుకూజాలోకి వంచాను. నా చెయ్యి వణకలేదు. అది గర్వంగా రాసుకుంటున్నాను, ఎందుకంటే ఆ వాసనకి ఇంకొకడైతే కూజా వదిలేసేవాడు.

ఆ చచ్చిన ఎలుక వాసన గదిలోంచి బల్ల దాకా వచ్చింది. సీసాలకీ పట్టినట్టుంది.

మొదటి గ్లాసు. రంగు అంచున ఇటికపొడిలా పాలిపోయింది. ముక్కు దగ్గర పెట్టి ఊపిరి బిగబట్టాను. "ముసలివాడే. మొండివాడు. ఇప్పటికీ నాలుక మీద వక్కపలుకులా నిలబడ్డాడు" అన్నాను.

"వక్కపలుకు! అదే మాట నా నోట్లో ఉంది గురువుగారూ" అన్నాడు ప్లీడరు.

మేజోడు లాగితే డెబ్బై అయిదు. చప్పట్లు.

రెండోది పలచన. వెలుతురు ఇవతలినించి అవతలికి పోతోంది. వానలో పుట్టిన పిల్ల అన్నాను. ఎనభై ఏడు. మళ్ళీ చప్పట్లు. ముక్కు ఉన్నవాడికి కళ్ళు కూడా ఉండకూడదని ఎక్కడా రాసిలేదు.

మూడో కూజా వంచుతున్నప్పుడే తల తిరిగింది. తక్కినవి కంపు కొట్టాయి, ఇది కొట్టడం కాదు, మీదపడి కరిచింది. కాలిన రబ్బరు, తడిసి ముక్కిన గోనె, దాని కింద మురుగు. గ్లాసు పెదవి దాకా తెచ్చి ఆపేశాను. నోటినిండా నీళ్ళూరాయి, అవి రుచికి ఊరే నీళ్ళు కావు. పక్కనున్న గిన్నెలో ఉమ్మి, గ్లాసు దూరంగా నెట్టాను.

"చెడిపోయింది."

వాళ్ళిద్దరూ అప్పటికే ఒక గుక్క తాగి ఉన్నారు. డాక్టరు కళ్ళు మూసుకునే ఉన్నాడు. అతని మొహం మీద ఒక వెలుగులాంటిది ఉంది. నా మాట వినగానే ఎవరో స్విచ్చి నొక్కినట్టు అది ఆరిపోయింది.

"అవునండీ..." అన్నాడు నెమ్మదిగా. "తడి అట్టముక్క వాసన."

"గోనె" అన్నాను.

"గోనే! తడి గోనె" అని ప్లీడరు అందుకున్నాడు. మింగినదాన్ని ఇప్పుడు ఉమ్మడం ఎలాగా అని తడుముకున్నాడు పాపం.

మేజోడు అక్క లాగింది. ఎనభై రెండు.

అక్క ఆ సీసాని బొజ్జ దగ్గర పట్టుకుని నిలబడింది.

"బాగా చూశావా?"

"నా ముక్కు చూసింది."

"ఇంకోసారి చూడరాదూ."

"చూడక్కర్లేదక్కా. బిరడా కుళ్ళింది."

"అయితే అన్నీనా?"

అక్కడ ఒక్క మాట మార్చి ఉంటే సరిపోయేది. వాళ్ళిద్దరూ నా నోటివంక చూస్తున్నారు, కోడిపిల్లలు గింజల చేతివంక చూసినట్టు.

"నియమం నియమమే" అన్నాను.

అక్క చల్లగదికి వెళ్ళి మిగిలిన రెండూ తెచ్చింది. కూజా కూడా తీసుకుని వంటింట్లోకి పోయింది. గుడగుడమని సీసా గొంతు ఖాళీ అయ్యే చప్పుడు. కాసేపటికి రెండోది.

"ఎంత నిగ్రహం! ఇంకో ఇంట్లో అయితే మమకారానికి దాచుకునేవాళ్ళు" అని డాక్టరు మెచ్చుకున్నాడు.

నాలుగోది తొంభై. సోగ్గాడు అన్నాను. సోగ్గాడే. ఇంక తేలాల్సింది అదొక్కటే కదా.

ఇవాళ అక్క స్టూలు గోడకి ఆనించే ఉంది. ఎవరూ వేసుకోలేదు.

ఫిబ్రవరి 17

నియమం నియమమే.

ఫిబ్రవరి 18

నియమం నేను పెట్టింది కాదు. బావ పెట్టింది.

డాక్టరు మొహం మీద ఆ వెలుగు ఏమిటి?

మధ్యాహ్నం ఫోను చేశాను. "డాక్టరుగారూ, ఆదివారం ఆ మూడోది, నేను నోరు విప్పకముందు మీకెలా అనిపించింది?"

"మీరు చెప్పేశారు కదండీ."

"నేను చెప్పకముందు సంగతయ్యా."

"చెప్పకముందు నాకేం తెలుస్తుంది గురువుగారూ?"

"నోట్లో పోసుకున్నారు కదా!"

ఇబ్బందిగా నవ్వాడు. "నిజం చెప్పమంటే... నేను తాగినవాటిల్లో అంత గొప్పది లేదనిపించిందండీ. మీరు గోనె అన్నారు. సరే, గొప్పవైను గోనె వాసనే వేస్తుంది కాబోలు, ఇన్నాళ్ళూ నాకే తెలియలేదు అనుకున్నాను. మీ ముక్కు ముందు మాదెంత?"

ఫోను పెట్టేసి చెయ్యి కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో తెలియదు. సబ్బు వాసనకి మళ్ళీ కడుక్కున్నాను.

ఇన్నేళ్ళూ ఆ బల్ల చుట్టూ కూర్చున్నది ముగ్గురం అనుకున్నాను. ఒక ముక్కూ, రెండు అద్దాలూనట.

ఫిబ్రవరి 19

కోడల్ని పిలిచి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నా కళ్ళకి గుడ్డ కట్టు. ఇంట్లో ఏది చేతికొస్తే అది నా ముక్కు దగ్గర పెట్టు. ఏమిటో చెబుతాను."

"ఏం ఆటండీ ఇది?"

"కట్టమన్నాను."

కట్టింది. మొదటిది పెట్టింది. "మురుగు" అన్నాను. రెండోది. "మురుగే. మార్చు." మూడోది. "రబ్బరు." తర్వాతది చల్లగా, మెత్తగా తగిలింది. అదీ అంతే. ఆ తర్వాత ఆమె ఏమీ పెట్టలేదు. నేనే గుడ్డ లాగేశాను. ఒళ్ళో కాఫీపొడి డబ్బా, కమలాపండు తొక్క, నా సబ్బు, కిటికీ బయట కుండీలోంచి కోసిన గులాబీ. ఆ మొక్క బతికే ఉందన్నమాట.

"ఎప్పట్నుంచి మావయ్యగారూ?"

"జ్వరం దిగినప్పట్నుంచి."

"నేను కాఫీ పాడుచేస్తున్నానన్నారు."

"అన్నాను."

"ప్లంబర్ని పిలిపించారు."

"పిలిపించాను. ఇంక చదవకమ్మా, చాలు."

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. నేను మద్దెలను తిట్టి ఊరుకోలేదు, పొయ్యిలో పెట్టాను.

సాయంత్రం డాక్టరు దగ్గరికి, పళ్ళాయన కాదు, ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇలాంటి జ్వరాల తర్వాత వాసనలు తలకిందులవుతాయట. ఎంత మంచి వాసన అయితే అంత కంపుగా తోచవచ్చట. నెమ్మదిగా తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు. ఆయన నవ్వుతూ, "మీ వృత్తికి ముక్కుతో పనేమీ లేదు కదా?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న.

ఇంటికొచ్చి ప్లీడరుకి చెప్పేశాను. నా ముక్కు పోయింది, ఆదివారం నేనన్నదంతా చెత్త, ఎనభై రెండు నిక్షేపంగా ఉండింది అని.

ప్లీడరు మహా వినయంగా అన్నాడు కదా, "విచిత్రం చూడండి గురువుగారూ. నాక్కూడా ఈమధ్య ముక్కు సరిగా పనిచెయ్యడం లేదు."

ఛీ.

ఫిబ్రవరి 20

అక్క ఇంటికి వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో వరస పెట్టుకున్నాను. తలుపు తియ్యగానే వరస మరిచిపోయాను.

"ఎలుక లేదక్కా."

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"ఆ రోజే. నేను నీ ముందు నిలబడి పీల్చాను కదరా, నా ముక్కు నాకుండదా?"

"మరి ఆదివారం?"

"వంటింట్లో కూజాలోంచి ఒక గుక్క తాగాను. అంత బాగా ఎప్పుడూ లేదు."

ఆ స్టూలే లాక్కుని కూర్చున్నాను. "తెలిసి పారబోశావా?"

"వాళ్ళిద్దరి ముందు నీ ముక్కు కోసి చేతిలో పెట్టమంటావా? నీకు అది తప్ప ఇంకేముందిరా?" అని అరిచింది. "మొదటి సీసా పోసేటప్పుడు నిన్ను తిట్టుకున్నాను. రెండోది పోసేటప్పుడు మీ బావని తిట్టాను, ఈ దిక్కుమాలిన నియమం పెట్టినందుకు. పోతే పోయాయి. నీ మాట నిలబడింది కదా."

నిన్ననే ప్లీడర్ని ఛీ అని రాశాను. అక్క కూడా నా కోసం తల ఊపిందన్నమాట. అయినా ఆ ఛీ ఇక్కడ నోట్లోంచి రావడం లేదు.

"ప్లీడరుకి చెప్పేశానక్కా నిన్న. అంతా."

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది.

"చెప్పేశావా?"

"ఊఁ."

"అయితే నేను పారబోసింది దండగేగా, వెధవా!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు ఆగాక అక్క కళ్ళు తుడుచుకుంటూ ఫ్రిజ్ తీసి, పళ్ళరసం సీసా ఒకటి బల్ల మీద పెట్టింది. అడుగున ఎర్రగా ఉంది. కూజాలో మిగిలిన ఎనభై రెండు.

"రోజూ కాస్త తాగుతున్నాను. రోజురోజుకీ గొంతు తగ్గిపోతోంది. నిన్న గొణిగాడు. రేపటికి ఇంక మాట్లాడడు."

"నాక్కూడా పొయ్యి."

"నీకెందుకురా? కంపేగా!"

"పొయ్యక్కా."

రెండు చిన్న గ్లాసుల్లో పోసింది. బల్ల దగ్గర, నా ఎదురుగా కూర్చుంది. అక్కడ తను కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. గ్లాసు పట్టుకుని నా వంక చూసింది, పెద్దవాడు ముందు చెప్పాలి కదా అన్నట్టు.

"నువ్వు చెప్పు. నాకంటే నువ్వే పెద్ద. ఏమంటున్నాడు?"

అక్క ఒక గుక్క తీసుకుంది. చాలాసేపు మింగలేదు.

"పెన్సిలూ పొగాకూ అంటారే మీరు, అవేమీ కాదురా. ఓడ దిగి వచ్చిన రోజు మీ బావ పెట్టె మూత తీస్తే వచ్చేది. తోలు. పరాయి ఊరి సబ్బు. అడుగున మాసిన బట్టలు."

"మేజోళ్ళు కూడానా?"

"మేజోళ్ళు కూడా."

నేను గ్లాసు ఎత్తాను. అదే కాలిన రబ్బరు, అదే తడి గోనె, ఆదివారం మీదపడి కరిచిందే. ఈసారి దూరంగా నెట్టలేదు. ఊపిరి బిగబట్టలేదు. ఒక్కో గుక్కా నోట్లో నిలిపి, అక్క చెప్పింది అందులో ఎక్కడుందా అని వెతుక్కుంటూ తాగాను. ఎక్కడా లేదు. అడుగు దాకా మురుగే.

గ్లాసు ముందుకు జరిపి, ఇంకాస్త పొయ్యమన్నాను.